తొందరపడే ఫిడేలు

సురకర్తా ఊళ్ళో పెళ్ళి పాటగాళ్ళకి వాద్యాల ట్రాకులు కట్టిచ్చే వెనింగ్ ఇంటికి ముసలి దార్సోనో రావడం అది నాలుగోసారి. అక్కడి క్రొంచొంగ్ పాటల్లో వాయించే వాద్యాల్లో ఫిడేలు తప్ప తక్కినవన్నీ ఉన్న ట్రాకు కావాలాయనకి. ఫిడేలు తానే వాయిస్తాడు.

"ఆపమ్మా, ఆపు! చెలో మళ్ళీ సరిగ్గా తాళానికే పడుతోంది."

"సరిగ్గా పడితే తప్పేంటి బాబాయ్?"

"మా చెలో వాయించే గీతో ఏనాడైనా సరిగ్గా వాయించాడా? రెండో చరణంలో రవ్వంత వెనకబడతాడు. వాడికి వేళ్ళనొప్పులు."

"కంప్యూటర్‌కి వేళ్ళనొప్పులుండవు."

"ఉండేట్టు చెయ్యి."

"మొన్న ఫ్లూటు ఊపిరి పీల్చే చప్పుడు కావాలన్నారు, పెట్టాను. అంతకుముందు ఉకులేలే ఒక తీగ శ్రుతి తగ్గాలన్నారు, తగ్గించాను. శనివారం మీ మనవరాలి పెళ్ళి. ఇంకా ఎంతని చెడగొట్టను?"

"చెడగొట్టడం కాదే, బాగుచెయ్యడం. ఇది వింటుంటే నలుగురు లెక్కల మాస్టార్లు కూర్చుని వాయిస్తున్నట్టుంది."

"అంత బెంగగా ఉంటే మీ మేళంలోని ఆ నలుగుర్నే పిలుచుకోవచ్చుగా?"

"వాళ్ళకి తీరిక లేదు."

"నలుగురికీనా?"

"నలుగురికీ."

"శనివారం కూడా..."

"శనివారం అసలే లేదు. అల్లం టీ ఇస్తానన్నావు, ఏదీ?"

"ఇందాకే తాగారు. గొడవేంటి బాబాయ్?"

"గొడవా? గొడవని ఎవరన్నారు? ముప్పై ఏళ్ళు కలిసి వాయించినవాళ్ళం. పోయిన నెల ఓ పెళ్ళిలో నేను పాట ముగించాను. అంతే."

"ముగిస్తే గొడవెందుకు?"

"వాళ్ళింకా ముగించలేదు."

"అంటే మీరు పరిగెత్తారు."

"వాళ్ళు వెనకబడ్డారు! నేను దణ్ణం పెట్టి నిలబడ్డాను, వాళ్ళింకా వాయిస్తూనే ఉన్నారు. ఆ గీతోగాడు మైకు పుచ్చుకుని 'ఏమనుకోకండి, మా ఫిడేలాయనకి బస్సు టైమైంది' అన్నాడు. పెళ్ళికొడుకు కూడా నవ్వాడమ్మా."

"మీరేమన్నారు?"

"అనేదేముంది? బస్సెక్కాను."

"పోనీ, పొరపాటైందని మీరే ఒక్క మాట..."

"నేనా? వాళ్ళనే అనమను."

"వాళ్ళూ అచ్చం ఇలాగే అన్నారు."

"ఎవరితో?"

"అంటారేమో అన్నాను. ఇంటికెళ్ళండి బాబాయ్. రేపు మధ్యాహ్నం రండి, చెలోకి వేళ్ళనొప్పులు తెప్పిస్తాను."

మర్నాడు ఆయన వచ్చేసరికి గదికి అడ్డంగా మందపాటి పరదా వేలాడుతోంది.

"ఇదేంటే?"

"స్పీకరు దాని వెనకుంది. చప్పుడు మెత్తగా వినపడుతుందని కట్టాను. ఫిడేలు తియ్యండి. ఇవాళ మధ్యలో ఆపు, ఆపు అనకూడదు. చివరిదాకా వాయించాలి."

"నచ్చకపోతే?"

"నచ్చకపోయినా."

"బాగా పెత్తనం నేర్చావు. సరే, కానీ."

పాట అయిపోయింది. దార్సోనో భుజం మీది ఫిడేలు మాత్రం దించలేదు.

"అమ్మాయ్... రెండో చరణంలో గీతో... అదే, చెలో వెనకబడింది."

"ఎక్కువైందా?"

"ఎంత పడాలో అంతే పడింది. మూడో చరణంలో నేను పరిగెత్తాను, చూశావా?"

"మీరా? పరిగెత్తారా?"

"కాస్త. ఆ, కాస్త ఎక్కువే. ఒప్పుకుంటున్నాగా! ఇన్నాళ్ళూ నీ ట్రాకు నన్నొదిలేసి దాని దారిన అది పోయేది. ఇవాళ నా వెంటపడి వచ్చింది. చివర్లో నేను తడబడితే ఆగింది కూడా. ట్రాకు ఎక్కడైనా మనిషి కోసం ఆగుతుందటే?"

"ఆగదు."

"మరి ఏం పెట్టావు అందులో?"

"ఏమీ పెట్టలేదు బాబాయ్, పొద్దుట్నుంచీ కరెంటే లేదు. తొందరపడే ఫిడేలు ఒక్కటే ఉన్న ట్రాకు కట్టిమ్మని పోయిన వారం నలుగురొచ్చి నా ప్రాణం తీశారు. పరదా వెనకున్నది వాళ్ళే."