ఊరందరికీ ఫెలిక్స్ అని పేరు పెట్టింది నేనే

జననాల ఆఫీసు ఎదుట టీ కొట్టు బల్ల మీద కూర్చుంటే నా నోరు ఊరుకోదు. ఆ రోజు వినేవాళ్లు ముగ్గురే, టీ కొట్టతను, పక్క షాపు దర్జీ, ఏదో కాగితం పనికొచ్చిన బట్టతలాయన. నాకు ముగ్గురు చాలు.

"ఈ ఊళ్లో ఇంతమంది ఫెలిక్స్‌లు ఎక్కణ్ణించి ఊడిపడ్డారనుకున్నారు?"

"ఏరీ బామ్మా, నాకు ఒక్కడూ తగల్లేదే" అన్నాడు దర్జీ.

"నువ్వు నడుములు కొలుస్తావు, మొహాలు చూడవు. అదిగో ఆ గదిలో, నా టైపు మిషన్లోంచి పుట్టారు. ఒకాయన కొడుకు పేరు చీటీ మీద రాసిచ్చి వెళ్లిపోయాడు. దాని మీద టీ గ్లాసు పెట్టాను, సిరా కాస్తా కారిపోయింది. పేరు గడి ఖాళీగా వదిలితే ఆఫీసరు నన్ను నమిలేస్తాడు. పాత నిఘంటువులో చూసిన లాటిన్ మాట గుర్తొచ్చింది, ఫెలిక్స్, అంటే అదృష్టవంతుడు. టకటకా కొట్టేశాను. ఆ నెల్లోనే ఇంకో నలభైమందికి కొట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తల్లులు మా వాడికీ అదే కావాలని వరస కట్టారు, ఆ వరస రైలు స్టేషను దాటింది, దారిలేక రైలు కూడా వరసలో నిలబడింది. బళ్లో పంతులు ఫెలిక్స్ అని పిలిస్తే క్లాసంతా పలికేది, ఆ కేకకి పెంకులు జారి పక్క వీధిలో పడేవి."

"నిన్న కిటికీ అద్దాలన్నావు" అన్నాడు టీ కొట్టతను.

"అద్దాలు పగిలింది ఇంకో బళ్లో. ఈ గోలకి, ఎప్పుడో చచ్చిన ఆ లాటిను లేచి కూర్చుంది. లాటినువాళ్ల రాజు మనిషిని పంపాడు, అమ్మా, మా దగ్గర ఆ పేరు అయిపోయింది, ఒక్క బస్తాడు తిరిగిమ్మని."

బట్టతలాయన నవ్వలేదు. సంచీలోంచి కాగితం తీసి నా ముందు పెట్టాడు.

"పుస్తకాలన్నీ వెతికించానండీ. ఈ ఊరికి ఫెలిక్స్ ఒక్కడే. నేను. మా అమ్మ నన్ను వాళ్లన్నయ్య పేరుతో పిలిచేది. ఆస్పత్రిలో ఆఖరి రోజు కొడుకుని రానివ్వండని ఆ పేరే చెప్పిందట. నా కాగితాల్లో పేరు వేరే ఉందని గుమ్మంలోనే ఆపేశారు. ఇప్పుడైనా అమ్మ పెట్టిన పేరు నాకు కావాలి. కొట్టినవాళ్లు పొరపాటని సంతకం పెడితే మారుస్తారట." పెన్ను మూత తీసి ఇచ్చాడు. "ఇక్కడ, బామ్మగారూ."

దర్జీ నావంకే చూస్తున్నాడు. నాకు నా పింఛను గుర్తొచ్చింది.

"అయ్యో నాయనా, నేను టైపిస్టునేమిటి. అక్కడ గదులు తుడిచేదాన్ని. పొద్దుపోక ఏదో వాగాను."

ఆయన నమ్మాడు. నా కోతలు అంతసేపు విన్నాక ఎవరు నమ్మరు? పెన్నుకి మూతపెట్టి, కాగితం మడిచి, రోడ్డు దాటి వెళ్లిపోయాడు.

ఇరవయ్యారేళ్లు ఆ మిషను ముందు కూర్చున్నాను నేను. నన్ను నేను తగ్గించి చెప్పుకున్నది ఆ ఒక్కసారే.