సిద్ధయ్య తొక్కని రాయి

ఆడ కూచోబాకబ్బీ! ఆ అరిగిన రాయి మీద వద్దు, ఇట్లొచ్చి నీడన కూచో. పడవ వచ్చేదానికి ఇంకా అరగంట ఉండాది. ఏందా రాయి అంటావా? సిద్ధయ్య రాయి. మా ఊరాయప్పే, కాలంజేసి తొమ్మిదేండ్లాయ. నేనూ ఆయప్పా ఈ అరబ్బుల దీవికొచ్చి ఈ చర్చి తవ్వకాలకు మట్టిగంపలు మోసినాం. వెయ్యేండ్లకు పైబడిన చర్చంట. ఆడాడ రాళ్ళు పొదిగిన మట్టిగోడలు, పైన సున్నం పూత. ఇప్పుడు మోకాలెత్తన్నా కనపడతాండాయి, అప్పుడు అంతా ఇసకదిబ్బే. ఎండంటావా, మంచినీళ్ళ క్యాను కింద బెడితే... సరే, ఆ మాట తర్వాత. ఈ రాయి గోడలోంచి పడిందనుకోని అందరమూ దీన్ని తొక్కే దాటేటోళ్ళం. సిద్ధయ్య మాత్రం నెత్తిన గంపతో కొంగ మాదిరి కాలెత్తి దాటేటోడు. మేస్త్రీ మహమ్మద్ గౌస్, మన రాయచోటాయప్పే, "ఏంరా సిద్ధా, గంపతో డాన్సులా?" అని ఒకటే ఎగతాళి. ఒకదినం అట్ల దాటబోయి కాలు తట్టుకోని గంపెడు మట్టీ తెచ్చి తవ్వకాల పెద్ద, ఆ దొరసాని, గీసుకుంటాండే పటం మీద బోసినాడు! గౌస్ ఎగిరిపడె. "ఖలాస్! నీకు వీసా ఇచ్చిన కఫీల్‌తో జెప్పి రేపే నిన్ను ఊరికి తోలిస్తా!" సిద్ధయ్య మొగం పాలిపోయె. ఈడ ఉండేదానికి ఇఖామా కాయితం పడి రెండు నెల్లు గూడా కాలా, ఇంటికాడ నలుగురు తినేటోళ్ళు.

దొరసాని మట్టి దులుపుకుంటా, ఎందుకట్ల కాలెత్తుతాడో గౌస్‌ను అడగమనె. సిద్ధయ్య చేతులు గట్టుకోని, "గడపను యాడన్నా తొక్కుతారా మేడం? నడిమధ్య అరిగిండాది జూడండి. గోడరాయి అట్ల అరగదు" అనె. "అరిగిందంటే వాళ్ళంతా తొక్కినట్టే గదరా!" అని గౌస్. "పాపం, వాళ్ళకు జెప్పే పెద్దోళ్ళు లేరేమో గౌసన్నా" అని ఈయప్ప. నాకు నవ్వు ఆగల్యా. ఆయమ్మ నవ్వలా. మోకాళ్ళ మీద కూచోని కుంచెతో ఊడ్చుకుంటా పోయె. రాయి పక్కన తలుపు తిరిగే గుంట బయటపడె! వాకిలి ఆ పక్కన ఉంటాదని రెండేండ్లుగా తవ్వతాండారు మరి. పడమరకు ఈ వాకిలి, లోపల పొడుగు హాలు, అదో, తూరుపు కొసన మూడు గదులు, నడిమిది పూజకు. పటమంతా మళ్ళా గీసినారు. ఊరికి తోలే మాట గౌస్ మళ్ళా ఎత్తలా. ఆ దినం నుంచి దొరసాని గూడా ప్యాంటు పైకి లాక్కోని కొంగ మాదిరే దాటె!

సచ్చిపోయే ముందు దినం ఊర్నుంచి ఫోన్లో అడిగినాడబ్బీ, "మునీంద్రా, గడపను ఎవురన్నా తొక్కతాండారా?" అని. "లేదన్నా, ఎవురూ తొక్కరు" అన్యా. ఈడ కావలి ఎవురుండారు జెప్పు? అబద్ధమే. అందుకే శుక్రవారం సెలవు దొరికితే పట్నంలో రిగ్గై నుంచి పనిగట్టుకోని పడవెక్కి ఈడికొచ్చి ఈ రాయికాడ కూచుంటా.

అదో, పడవ కూతేసె. లెయ్, యల్లా, పోదాం! ఒరేయ్, ఒరేయ్... కాలెత్తు!