ఆదెమ్మ తిరగలి

ఆదెమ్మని ఒకామె ఉండేదంట. మొగుడు మాల్యాద్రి, నలుగురు పిల్లలు, మోకాళ్ళు పట్టుకుపోయి మంచం దిగని అత్త అంకమ్మ, రెండు గేదెలు. మెట్ట ఊరు, తినేది జొన్నే. ఇంక చూసుకో ఆమె బతుకు. కోడి కూసిన కాడ్నించి ఆ ఇంట్లో ఆమె పేరు పిలవని ఘడియ లేదంట. ఆదెమ్మా నీళ్ళు తోడావా అని మొగుడు. ఆదెమ్మా నా ఆకువక్క సంచి యాడ పెట్టావే అని అత్త. అమ్మా వీడు నన్ను గిల్లాడు, అమ్మా అది నన్ను ముందు గిల్లింది, అమ్మా ఆకలి, అమ్మా నా లంగా యాడ. గేదెలు కూడా ఎవరొచ్చినా అరిచేయి కాదంట, ఆమె కనపడితేనే అరిచేయంట. గేదెకేం తెలుసు అంటావా? నువ్వు గేదెల్ని మేపావా అమ్మాయ్? మేపలేదు గదా, రాసుకో మరి. సరే, ఆమెకి వాళ్ళ మీద కోపమా అంటే కోపం కాదు, అలుపు. కోపమైతే నాలుగు మాటలంటే పోద్ది. అలుపు అట్టా పోదు గదా, అది ఎముకల్లోకి పోయి కూర్చుంటది.

అయితే ఏమైందంటే, రోజు మొత్తం మీద ఆమెకి ఒక్క పూట ఉండేది. పంచలో ఎండ గుంజ కాడికి వచ్చేటప్పటికి జొన్నల చేట తెచ్చుకుని తిరగలి ముందు కూర్చునేది. ఒక కాలు చాపుకుని, ఒక కాలు ముడుచుకుని, గుప్పెడు జొన్నలు తిరగలి నోట్లో పోసి, పిడి పట్టుకుని గరగరా ఇసిరేది. అది సుఖమా అంటావా? కాదు. అరచేతులు కాయలు కాసి ఉండేయి, భుజం రాత్రికి లాగేది. కానీ ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేదంట. తిరగలి కాడ కూర్చున్న ఆడమనిషిని చేట ఖాళీ అయ్యేదాకా పిలవకూడదు. పిలిస్తే ఆమె లేవాలి, లేస్తే గింజ సగం నలిగి ఆగిపోద్ది, అట్టా ఆగితే ఆ ఇంట్లో గాదె నిండదని భయం. అందుకని ఆ గరగర వినపడుతుంటే ఎవరూ ఆమెని కదిలించేవాళ్ళు కాదు. ఆకువక్క సంచి కనపడకపోయినా అంకమ్మ నోరు మూసుకుని పడుకునేది. పిల్లలు గిల్లుకుంటే వాళ్ళే తీర్చుకునేవాళ్ళు. చేతులకి పనే, మనసుకి ఖాళీ. పుట్టింటిని తల్చుకునేది, నోటికొచ్చిన పాట పాడుకునేది. రెండో పిల్ల తర్వాత ఒక బిడ్డ పురిట్లోనే పోయింది ఆమెకి. పేరు కూడా పెట్టలేదు. ఆ బిడ్డని తల్చుకోవాలన్నా ఆమెకి అక్కడే కుదిరేది. ఇసురుతా ఇసురుతా ఏడ్చుకునేది, ఆ మోతలో ఎవరికీ తెలిసేది కాదు. చేట ఖాళీ అయినాక కొంగుతో పిండి దులుపుకుని, మొహం తుడుచుకుని లేచేది. లేస్తే మళ్ళీ ఆదెమ్మా, అమ్మా, ఆదెమ్మా.

అట్టా ఉండగా ఏటవతల పాలెంలో పిండి మర పెట్టారంట. ఆయిలు ఇంజను. టుకుటుకుటుకుమని ఈ ఊళ్ళోకి వినపడేది. జనం తండోపతండాలుగా పోయి చూసొచ్చారు. మాల్యాద్రి కూడా చూసొచ్చి, ఏమే ఆదెమ్మా, ఇట్టా పోస్తుంటే అట్టా పడుతుందే పిండి, దూది లాగా మెత్తగా, ఇంక నీ చేతులకి ఆ కాయలుండవు అన్నాడంట. మొగుడు చెడ్డోడు కాదు, ముందే చెప్తున్నా. ఈ కథలో చెడ్డోళ్ళు ఎవరూ లేరు, అదే చిక్కు. ఆదెమ్మకి కూడా సంతోషమే వేసింది. ఎందుకు వెయ్యదు? భుజం లాగేది ఆమెకి గదా, నీకూ నాకూ కాదు. జొన్నలు డబ్బాలో పోసుకుని, నెత్తిన పెట్టుకుని, ఏరు దాటి పోయింది. పోతే అక్కడ నలభై డబ్బాలు వరసలో ఉన్నాయి. రేకుల నీడన ఆడోళ్ళందరూ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నారంట. ఆదెమ్మ కూడా కూర్చుంది. ఆ ఇంజను మోతలో ఎవరు పిలిచినా వినపడదు, అసలు పిలిచేవాళ్ళు ఏరు ఇవతల ఉన్నారు. బానే ఉందే ఇది అనుకుంది. వారానికి రెండుసార్లు పోయేది. ఒకరోజు వరసలో ఎవరో తొందరపడుతుంటే, నువ్వు పోమ్మా ముందు, నాకేం తొందర లేదు అని తన డబ్బా వెనక్కి జరిపిందంట!

అది కూడా నిలవలా. ఏమైందంటే, ఏరు పొంగే రోజులొచ్చినయి. పాపం దీనికి నెత్తిన బరువు, మోకాలి దాకా నీళ్ళు, అని మాల్యాద్రికి జాలేసింది. బామ్మర్ది దగ్గర పాత సైకిలు ఉంటే అడిగి తెచ్చుకున్నాడు. డబ్బా వెనకాల కట్టుకుని, నువ్వు ఇంటికాడ ఉండవే, రోడ్డెంట చుట్టూ తిరిగి నేను పోయొస్తా అన్నాడు. ఆదెమ్మ ఏమంటది? వద్దయ్యా నేనే మోస్తా అంటే పిచ్చిదంటారు. సరేనంది. ఇంక ఇంట్లో ఉండిపోయింది. పంచలో ఎండ గుంజ కాడికి వచ్చేది, ఆమె చేతిలో చేట ఉండేది కాదు. అప్పుడు మొదలైంది ఇంకో మాట. ఖాళీగానే ఉన్నావుగా. ఖాళీగానే ఉన్నావుగా ఆదెమ్మా, నా కాళ్ళకి కాస్త ఆవదం రాయవే అని అంకమ్మ. ఖాళీగానే ఉన్నావుగా, ఇంకో గేదెని తోలుకొద్దామా అని మాల్యాద్రి, అనటం ఏంది, తోలుకొచ్చాడు కూడా. ఖాళీగానే ఉన్నావుగా వదినా, మా పిల్లల్ని కూడా కాస్త చూస్తుండు అని ఆడబిడ్డ ఇద్దరు పిల్లల్ని దించిపోయింది. మర వచ్చి ఆమె పని తగ్గించింది అనుకున్నారు అందరూ. పని తగ్గలా. ఒక పని పోయి నాలుగు పనులొచ్చినయి, ఆ నాలుగింటికీ కట్టుబాటు లేదు. గేదెకి కుడితి పెట్టేటప్పుడు పిలవకూడదని ఎవరైనా అన్నారా? అనలా. పిలిచేయడమే.

ఒకరోజు ఇంక తట్టుకోలేకపోయింది. గుంజ కాడికి ఎండ రాగానే పోయి తిరగలి ముందు కూర్చుంది. జొన్నలు లేవు, చేట లేదు. ఉత్త తిరగలి పిడి పట్టుకుని తిప్పింది. గర్రు గర్రుమంది. అంతే, ఇల్లంతా సద్దుమణిగిందంట! ఆదెమ్మా అనబోయిన మొగుడు సగంలో ఆపుకున్నాడు. అలవాటు, చెవికి ఆ మోత పడితే నోరు మూసుకోవటమే అలవాటు వాళ్ళకి. ఆదెమ్మ కళ్ళు మూసుకుని ఎంతసేపు తిప్పిందో ఆమెకే తెలియదు. రెండో రోజు తిప్పింది, మూడో రోజు తిప్పింది. కానీ ముసలోళ్ళ చెవులు ఉన్నాయే, అవి పాడైనవి అనుకుంటాం గానీ వినాల్సింది వింటాయి. గింజ ఉంటే మోత ఒక రకం, లేకపోతే ఒక రకం. రాయి రాయిని తింటుంటే కీచుమంటది. అంకమ్మ కొడుకుని పిలిచి, ఒరే మాల్యాద్రీ, నీ పెళ్ళాం ఉత్త తిరగలి తిప్పుతుందిరా, అది ఇంటికి మంచిది కాదు, అలవాటు పడిన చేయి ఊరుకోదు పాపం, ఆ రాయి కళ్ళెదురుగా లేకుండా చెయ్యి అంది. అంకమ్మ కూడా నలభై ఏళ్ళు అదే తిరగలి ఇసిరిన మనిషి. కానీ మంచమ్మీద కూర్చునే వయసొచ్చినాక, నిలబడ్డ రోజులు ఆమెకి గుర్తుకి రాలా.

మాల్యాద్రి ఏం చేశాడు? ఇది విను. తిరగలి పైరాయి ఊడదీసి, భుజాన మోసుకుపోయి, స్నానాల దొడ్లో మెట్టుగా వేశాడంట. పెళ్ళాం స్నానం చేసి దిగితే కాళ్ళకి బురద అంటకూడదని. చేసి, నవ్వుతా నిలబడి, చూడవే ఆదెమ్మా, నడుమ బెజ్జం కూడా ఉంది, నీళ్ళు నిలవవు అన్నాడు. ప్రేమతోనే చేశాడమ్మాయ్. ఆదెమ్మ ఆ రాయి వంక చూసింది. ఇన్నేళ్ళు ఆమె చేయి పట్టుకున్న రాయి, పిడి ఊడగొట్టి, బురదలో, సబ్బునీళ్ళలో. ఆరోజు స్నానం చేయకుండానే వెనక్కి వచ్చేసింది.

తెల్లారి, ఎండ గుంజ కాడికి వచ్చింది. ఆదెమ్మ పోయి కింద రాయి ముందు కూర్చుంది. కాలు చాపింది. పైన రాయి లేదు, నడుమ ఇనప మేకు ఒక్కటే నిలబడి ఉంది. ఆమె చేయి చాపి, లేని పిడి పట్టుకుని, గాలిలో తిప్పటం మొదలుపెట్టింది. చప్పుడు లేదు గదా, అందుకని పిలిచారు. ఆదెమ్మా అన్నాడు మొగుడు. పలకలా. ఆదెమ్మా అంది అత్త. పలకలా. అమ్మా అమ్మా అని పిల్లలు భుజం పట్టి ఊపారు. చేయి తిరుగుతూనే ఉంది, కళ్ళు యాడో ఉన్నాయి. గేదెలు అరుస్తున్నాయి, పొయ్యి వెలగలా, సంగటి లేదు. పిచ్చి పట్టిందనుకో, ఇంకేమన్నా అనుకో, అనటానికి ఏముంది. గాలి సోకిందిరా కొడకా అని అంకమ్మ గుండెలు బాదుకుంది. ఏపమండలతో కొట్టారు, చీపురు తిప్పారు, మిరపకాయలు దిగదుడిచారు. చేయి ఆగితేనా.

సాయంత్రానికి సోదమ్మని పిలుచుకొచ్చారు. ఊరూరూ తిరిగి సోది చెప్పుకునే మనిషి, చంకలో బుట్ట, వీపున బిడ్డ, కాళ్ళకి చెప్పుల్లేవు. చేటలో బియ్యం పోసి, ఆదెమ్మ ఎదురుగా కూర్చుని, ఆ తిరిగే చేయి పట్టుకుంది. అరచెయ్యి తిప్పి చూసింది. కాయలు కాసిన చోట తోలు ఊడి మెత్తబడుతుంది. దొడ్లో మెట్టు చూసింది. పైరాయి లేని తిరగలిని చూసింది. ఆమెకి సోదితో పనేముంది, ఆమె కూడా బిడ్డల తల్లే. వంగి, ఆదెమ్మకి మాత్రమే వినపడేట్టు, "ఎన్నాళ్ళయింది తల్లీ, నువ్వు కూర్చుని?" అని అడిగిందంట. ఆ మాటకి ఆదెమ్మ చేయి ఆగింది. కళ్ళ వెంట నీళ్ళు బొటబొటా కారినయి. ఇన్నేళ్ళలో ఆమెని ఆ మాట అడిగినోళ్ళు లేరు.

అప్పుడు సోదమ్మ తల ఎత్తి కేక పెట్టింది చూడు! "తిరగలమ్మనే నేను! తరతరాలుగా మీకు పిండి పోసిన దాన్ని! నా తల తీసి కాళ్ళ కింద వేస్తార్రా!" మాల్యాద్రి పరిగెత్తి, ఆ రాయి పెకలించి, నీళ్ళతో కడిగి, పసుపు రాసి, కొత్త పిడి కొట్టి, తెచ్చి మేకులో దించాడు. "రోజూ ఈ ఇల్లాలి చేత్తో తవ్వెడు గింజ నాకు పడాలి. చేట ఖాళీ అయ్యేదాకా నా బిడ్డని ఎవరైనా పిలిచారో!" అని చూపుడువేలు అందరి మీదా తిప్పింది. పిల్లలు తల్లి కొంగు వదిలేసి అంత దూరం పోయి నిలబడ్డారు. అంకమ్మ చేతులు జోడించి, ఎన్నాళ్ళు తల్లీ అని అడిగింది. సోదమ్మ అంది గదా, "ఆ రాయి అరిగిందాకా."

ఇంక ఆరోజు నించి ఎండ గుంజ కాడికి రావటం, ఆదెమ్మ చేట పట్టుకుని కూర్చోవటం. తవ్వెడు జొన్నలు ఎంతసేపు? గట్టిగా ఇసిరితే చిటికెలో అయిపోవాలి. ఆమె గుప్పిళ్ళు పోసేది కాదంట. ఒక గింజ వేసి ఒక చుట్టు, ఒక గింజ వేసి ఒక చుట్టు. మర పిండి ఇంట్లో ఉండనే ఉంది, ఈ పిండి ఎవరిక్కావాలి, గేదెల కుడితిలో కలిపేది. మొగుడు పొలం నించి వచ్చి దాహమైతే చప్పుడు చేయకుండా తనే ముంచుకు తాగేవాడు. అలిసిపోయిన మొహమే, అది మారలా, ఆ అలుపు తీరేది కాదు. కానీ ఆ కాసేపు ఆమె ఆమెదే. పేరు లేని ఆ బిడ్డకి ఆ తిరగలి కాడే ఒక పేరు పెట్టుకుందంట. ఏం పేరో ఎవరికీ చెప్పలా. నాకూ తెలియదు, అడక్కు. ఇంకో పది రోజులకి పక్కింట్లో తిరగలమ్మకి కోపం వచ్చింది. ఆ తర్వాత ఎదురింట్లో. నెల తిరిగేటప్పటికి ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఒకామెకి చేయి గాలిలో తిరిగింది!

దేవత పలికిందా, సోదమ్మ పలికిందా అంటే నాకేం తెలుసు. నేను విన్నది చెప్పా. ఇప్పుడు తిరగళ్ళు యాడున్నాయి, మా ఇంట్లోది గుమ్మం పక్కన తులసి కుండీ కింద ఉంది. నాకు ఆరుగురు మనవళ్ళు మనవరాళ్ళు, మోకాళ్ళు నొప్పులైనా పొయ్యి నాదే, గిన్నెలు నావే. అందుకే మా ఇంట్లో చెప్పి పెట్టా, కథ చెప్పేటప్పుడు ముసల్దాన్ని మధ్యలో లేపితే, దోవన పోయేవాళ్ళు దారి తప్పుతారు, ఆ పాపం లేపినోళ్ళది అని. భయపడతారు. అదిగో, కోడలు మూడుసార్లు గుమ్మం దాకా వచ్చి నీ చేతిలో పుస్తకం చూసి వెనక్కి పోయింది, చూశావా? కథ అయిపోయింది అమ్మాయ్. అయితే అయింది గానీ, నువ్వు అప్పుడే ఆ పుస్తకం మూయమాక. కాసేపు ఉత్తినే రాస్తున్నట్టు చేయి ఆడిస్తా ఉండు.