రెండు సీట్ల కారు, మజ్జిన నాను

కారా? ఉండేది బాబూ, ఉండకేటి. ఎవులు సెప్పేరు నీకు, మీ మామ్మేనా? సెప్పి మరేటంది? ‘మిగిల్నదంతా తాతబాబు తాతనడుగు’ అందా? సూసేవా, ఇప్పటికీ అంతే ఆవిడ, ఏదున్నా నా మీదకి తోసేత్తది. సరే, కూకో. ఆ కుర్సీ ఒద్దు, దానికో కాలు లూజు, ఇలగ మంచం మీదకొచ్చీ. ఎర్ర కారు బాబూ. పైన కప్పు లేదు, ముందు పొడుగు మూతి, ఎనకాల ఏటీ లేదు. సీట్లు రెండే. రేసులకెల్లీ రకం అనీవోడు మీ తాత. పాండురంగాపురంలో ఓ సీమ దొరుండేవోడులే, షిప్పుల పని మీదొచ్చి ఇక్కడే కొన్నాళ్ళున్నాడు, ఆడు ఎల్లిపోతా ఒదిలేసేడు. కంపెనీ పేరు నన్నడక్కు, అప్పుడే నోరు తిరిగీది కాదు నాకు. ఎమర్జెన్సీ ఎత్తేసిన రోజులు. స్టీలు ప్లాంటుకి రాయేసేరు గానీ ప్లాంటు రాలేదింకా. మనకి తెలిసినోళ్ళలో స్కూటరున్నోడే గొప్పోడు. అలాంటప్పుడు పోర్టాఫీసులో టైపు కొట్టుకునీ మీ తాత గురునాథరావు రేసు కారేసుకుని ఎలంపేట సందులోకి ఒచ్చేడు. సందు సరిపోలేదు. మేమే నలుగురం ఎనకాల ఎత్తి తిప్పేం.

నాను అదే పోర్టులో జెట్టీ మీద కళాసీని. ఒకటే పెంకుటిల్లు, మజ్జిన గోడ, ఇటు మేం, అటు మీ తాతోళ్ళు. నన్ను బావా అనీవోడు, నానూ ఆడ్ని బావా అనీవోణ్ణి. మీ మామ్మ తాయారు నన్ను అన్నయ్యా అనీది. నాకు సొంత సెల్లి లేదు మరి. సరే, కారొచ్చింది గదా, ఈధంతా సూత్తంది, మీ మామ్మ గుమ్మంలోకొచ్చి నిలబడింది. సంకలో మీ నాన్న. పక్కన మీ పెద్దత్త. ఎనకాల మీ మామ్మ అత్తగారు. మీ మామ్మేం గొడవ సెయ్యలేదు. ‘ఇందులో పిల్లలెక్కడ కూకుంటారండి?’ అంది. ఈడేమో ‘పిల్లలు పెద్దయ్యేక ఆళ్ళ కార్లు ఆళ్ళు కొనుక్కుంటారు’ అన్నాడు. ‘అత్తో?’ అంది. ‘అమ్మకి గాలి పడదు గదా’ అన్నాడు. అప్పుడు కొంచెం ఆగి, ‘మరి నానో?’ అంది. రెండో సీటు ఖాళీయే బాబూ! ఎదురుగా కనబడతంది. ‘నువ్వే’ అనేత్తే అయిపోను. మీ తాత ఆలోసించేడు. గెడ్డం గోక్కుని ఆలోసించేడు. ఆ ఆలోసించడమే కొంప ముంచింది. ఆవిడ లోపలికెల్లిపోయింది. మరి ఆ రోజు నుంచి మొగుడితో మాట లేదు.

కోపం అంటే గిన్నెలిసిరీ కోపం కాదు. ఒంట సేత్తది, ఒడ్డిత్తది, బట్టలుతుకుతాది, మాటొక్కటే లేదు. ఏదైనా సెప్పాలంటే నానుండాలి. గోడవతల నుంచి కేకేసీది, ‘అన్నయ్యా, మీ బావకి సెప్పు, అన్నం పెట్టేనని.’ ఆడక్కడే, ఆవిడ పక్కనే పీటేసుకుని కూకునుంటాడు. నాను ఇటు నుంచి ‘బావా, అన్నం పెట్టిందంట’ అనీవోణ్ణి. ‘పులుసులో ఉప్పు తగ్గిందని సెప్పు బావా’ అనీవోడు ఆడు. అదీ సెప్పీవోణ్ణి. మా ఇంట్లో మీ గౌరీశ్వరి మామ్మ, అదే మా ఆవిడ, ‘నీకు జీతమేటైనా ఇత్తన్నారా ఆళ్ళు?’ అని ఎక్కిరించీది. నాను ఊరెల్తే ఆ నాలుగ్రోజులూ ఆ ఇంట్లో ఎవులూ ఏటీ అనుకునీవోరు కాదు. నవ్వకు. అలగ ఎండా కాలమెల్లి, ఒర్షా కాలమెల్లి, మల్లీ ఎండలొచ్చేయి.

కారు సంగతి సెప్పలేదు గదా. కారు ఉడికిపోయీది. ఇంట్లోంచి తీత్తే జగదాంబ సెంటరు దాకా బాగానే ఎల్లీది, బీచి దిగీసరికి ముందు నుంచి ఆవిరి. ఇడ్లీ పాత్రే. మీ తాత ఏం సేసీవోడంటే, ఇలగ పక్కకి తీసి, దిగి, సేతులు ఎనక్కట్టుకుని సముద్రం సూత్తా నిలబడీవోడు. దానికోసమే ఆపినట్టు. తెలిసినోళ్ళెవులైనా సైకిలాపి ‘ఏటి గురునాథరావుగారూ’ అంటే, ‘ఇక్కడ కెరటం బాగుంటాదండి’ అనీవోడు. బీచి రోడ్డు మీద కెరటం ఎక్కడెక్కడ బాగుంటాదో ఆడికి తెలిసినట్టు ఇంకెవులికీ తెల్దు. మెకానిక్కి సూపించరా అంటే వినీవోడు కాదు. ‘నా బండి, నానే సేసుకుంటాను బావా.’ ఆదివారం వొస్తే లుంగీ ఎగ్గట్టి దాని కిందకి దూరిపోయీవోడు. రేడియేటరు కారతందని డబ్బాడు పసుపు పోసేడు అందులో. కారడం ఆగింది. ఆగింది గానీ ఆ తరవాత మరుగుతా ఎగజిమ్మితే, చొక్కా అంతా పెళ్ళికొడుకు చొక్కాలాగ అయిపోయీది. ఇంజనుకీ రేడియేటరుకీ మజ్జిన బిళ్ళలాంటిదొకటుంటాది, వేడెక్కినప్పుడు తెరుసుకుంటాది, ధర్మోస్టాటో ఏదో, అది అడ్డమని పీకి పారేసేడు. మీ పెద్దత్త దాన్తో తొక్కుడుబిళ్ళ ఆడుకునీది. ఫ్యాను బెల్టు తెగితే నైలాన్ తాడు పేనేడు. ఏం సేసినా ఉడకడం ఉడకడమే.

ఓ రోజు మీ మామ్మే అంది, నాతోనే, ‘అన్నయ్యా, ఆ నూతినీళ్ళే గదా దాన్లో పోత్తన్నారు? ఆ నీళ్ళల్లో పప్పు ఉడకదు, బండి మాత్రం ఉడికిపోతందని సెప్పు.’ నాను సెప్పేను. మా నుయ్యి ఉప్పునుయ్యి బాబూ, సముద్రం పక్కన మరింకేటొత్తాది. ఆ ఉప్పంతా పేరుకుపోయి రేడియేటరు గొట్టాలు మూసుకుపోయేయి.  మర్నాడు మీ తాత రేడియేటరు ఇప్పేసి దొడ్లో పెద్ద తొట్టిలో పడేసి, ఇంట్లో ఉన్న సింతపండంతా పిసికి పోసేడు. ఇత్తడి బిందెలు తోమినట్టన్నమాట. ఇంట్లో సారు లేదు, పులుసు లేదు. మీ ముత్తమామ్మ మజ్జిగన్నం తింటా కొడుకుని సూసి ఓ మాటంది, అది నీకు సెప్పను.

ఆ రేడియేటరు తొట్టిలో నానతన్న రోజునే కబురొచ్చింది. ఆ రోజు బందు. ఏం బందో జ్ఞాపకం లేదు, బస్సుల్లేవు, టాక్సీల్లేవు, కొట్లు కట్టేసేరు. మీ మామ్మ పుట్టినూరు పద్మనాభం నుంచి ఓ మనిషి సైకిలు తొక్కుకుని ఒచ్చేడు, గసపోసుకుంటా. మీ మామ్మ నాన్న తవిటయ్యగారు, పొలంలో పడిపోయేడంట. మంచమ్మీద పడుకోబెట్టేరు, కూతుర్ని సూత్తాను, కూతుర్ని సూత్తాను అంటన్నాడంట. ఈవిడొక్కతే కూతురు. తల్లి సిన్నప్పుడే పోతే ఆయనే జడలేసి పెంచేడు. ఆవిడ ఏడవలేదు బాబూ. దొడ్లోకొచ్చి ఆ తొట్టి కేసి, ఖాళీ మూతితో నిలబడ్డ కారు కేసి సూసింది. ‘అన్నయ్యా, అడుగు. ఇది పద్మనాభం ఎల్తాదా అని అడుగు.’ ఆడు ఎదురుగానే ఉన్నాడు, సేతులకి మోసేతుల దాకా సింతపండు. ‘ఎల్తాదా బావా?’ అన్నాను. ‘ఎల్తాదని సెప్పు’ అన్నాడు. నాకు నమ్మకం లేదు. ఆడికీ లేదు. ఆ మొకం నాకు తెలుసు గదా.

రేడియేటరు కడిగి బిగిస్తంటే పైగొట్టం చిట్లిపోయింది. రబ్బరు గదా, సివికిపోయింది. నాను సైకిలేసుకుని ఫిషింగ్ హార్బరు ఎల్లేను, అక్కడ సూరన్నని నాకు తెలిసినోడు, సొంత బోటుంది. ‘ఏటి తాతబాబూ, మీ పోర్టు కూడా బందేనా?’ అన్నాడు. ఆడూ ఖాళీగానే ఉన్నాడు, ‘సేపలకి బందు లేదు గానీ ఐసు ఫ్యాక్టరీకుంది, ఏటట్టుకొచ్చి ఏం సెయ్యను’ అని. సంగతి సెప్తే మరో మాట లేకుండా బోటు పంపు గొట్టంలోంచి మూరెడు ముక్క కోసిచ్చేడు. అది లావయిపోయింది. లోపల సైకిలు ట్యూబు సుట్టి, పైన బైండింగు తీగతో కట్టి, కట్టింగు ప్లేరుతో మెలేసేడు మీ తాత. ఇప్పుడు నీళ్ళు. ఆడు నూతి దగ్గరికి బకెట్టు అట్టుకెల్తంటే మీ మామ్మ అడ్డమొచ్చి, కుళాయి నీళ్ళ బిందె తెచ్చి అక్కడ పెట్టింది. కుళాయి అంటే అప్పుడు ఎప్పుడొచ్చీదో తెలీదు, తాగడానికే ఆ నీళ్ళు. 

స్టార్టయింది. కానీ గొట్టాల్లో గాలి బిగుసుకుపోయిందంట. ఒకలు లోపల కూకుని యాక్సిలేటరు తొక్కతా ఉండాలి, ఒకలు ముందు గొట్టం నొక్కతా ఉండాలి, అప్పుడు బుడగలొచ్చి గాలి పోతాది. నన్ను కూకోమన్నాడు. నా ఒళ్ళు అప్పుడు ఇలగ లేదు, జెట్టీ మీద బస్తాలు మోసిన ఒళ్ళు. ఒక కాలెల్లింది. రెండోది ఎల్లలేదు. స్టీరింగు కింద మోకాలు ఇరుక్కుపోతే ఇద్దరూ సెరో పక్కా లాగేరు నన్ను. మరెవులున్నారు? మీ మామ్మే సీర కుచ్చిళ్ళు ఎగదోపి కూకుంది. ఆ కార్లో కూకోవడం అదే మొదులు. బానెట్టు ఎత్తుంది గదా, ఆడికి ఆవిడ కనబడదు, ఆవిడకి ఆడు కనబడడు. మజ్జిన నాను. ‘సెల్లిని మెల్లగా తొక్కమను బావా.’ ‘సెల్లెమ్మా, మెల్లగా తొక్కు.’ ‘సాలా అని అడుగన్నయ్యా.’ ‘సాలా బావా?’ ‘ఇంకొంచెం.’ ‘ఇంకొంచెమంట.’ అలగ బానే జరుగుతంది. ఒక్కసారి గొట్టం గుడగుడలాడింది. ‘ఆపమను’ అన్నాడు. నాను ఇలగ తిరిగి ‘సెల్లె’ అన్నానో లేదో, బుస్సుమని నీళ్ళు నిలువునా లేసి ఆడి ఎడం సేతి మీద పడ్డాయి. మరిగిన నీళ్ళు. ‘ఓలమ్మా’ అని అరిసేడు.

ఆవిడ తలుపు తియ్యలేదు, పైనుంచే దూకీసింది. ‘ఏదీ సెయ్యి, సూపించండి, సెయ్యి సూపించండి!’ అంటంది. నాను, అలవాటయిపోయింది గదా, ఆడి కేసి తిరిగి ‘బావా, సెయ్యి సూపించమంటంది’ అన్నాను. ‘అన్నయ్యా, నువ్వూరుకో’ అంది. ఊరుకున్నాను. బిందెలో మిగిలిన నీళ్ళన్నీ ఆడి సేతి మీద పోసింది, పోత్తా తిట్టింది. ఏడాది పైన దాసుకున్న తిట్లు మరి. సీటు గురించి, సింతపండు గురించి, పసుపు గురించి, ఆ గెడ్డం గోక్కోడం గురించీ. ఆడేమో సెయ్యి అలగ సాపి, కళ్ళల్లో నీళ్ళతో, ‘అవును, అవును’ అంటన్నాడు. నెప్పికో మరి దేనికో. పాతగుడ్డ తడిపి సుట్టింది. ఆ పొంగుడికి గాలి మాత్రం పోయింది, వేడి సూపించీ ముల్లు కిందకి దిగింది. మల్లీ నీళ్ళు నింపేం, పక్కింటి కాశమ్మగారి బిందె. ఎడం సెయ్యి పనికిరాదు, గేరేమో ఎడం పక్క. ‘నాను “ఇప్పుడు” అన్నప్పుడు, నువ్వు ఆ కర్ర ఇలగ లాగాలి, ఇలగ తొయ్యాలి’ అని సూపించేడు. ఆవిడ తలూపింది. ఎల్లిపోయేరు. పిల్లలు మా గుమ్మంలో నిలబడి టాటా సెప్పేరు.

అక్కణ్ణుంచి నాను సూడలేదు, బావ సెప్పిందే. మద్దిలపాలెం దగ్గర బందు కుర్రాళ్ళు రాళ్ళట్టుకుని అడ్డమొచ్చేరంట. సరిగ్గా అప్పుడే పొగలు కక్కి ఆగిపోయింది. ఆళ్ళలో ఆళ్ళే తర్జనభర్జన. తిరిగీ బండినైతే ఆపాలి, ఇది తిరగట్లేదు గదా. ఆఖరికి ఆళ్ళే నీళ్ళు తెచ్చి, సల్లారేక ఆళ్ళే తోసేరు. హనుమంతవాక ఎత్తు ఎక్కీసరికి ముల్లు మల్లీ పైకి. ఆ కారుకి కాళ్ళ దగ్గర హీటరుంది బాబూ. సీమలో సలికి పెట్టుకున్నారు. అది ఇప్పితే ఇంజను వేడి కొంత కాళ్ళ మీదకొచ్చేత్తది, ఇంజను తేలికపడతాది. మీ తాత ఇప్పేడు. మే నెల, నెత్తి మీద కప్పు లేదు, కింద హీటరు. మీ మామ్మ కాళ్ళు మడిసి సీటు మీద పెట్టుకుని, కొంగు నెత్తినేసుకుని, ‘ఇప్పుడా? ఇప్పుడా?’ అంటా గేర్లేసింది పద్మనాభం దాకా. ఇంకేటి మాటాడుకున్నారో నాకెలాగ తెలుత్తాది? రెండు సీట్ల కారు గదా.

తవిటయ్యగారు ఇంకా తెలివిలోనే ఉన్నాడు. కూతురి మొకం సూసేడు, ఎండకి కమిలిపోయింది, కాళ్ళు ఎర్రగా బొబ్బలెక్కిపోయేయి. ‘బస్సుల్లేవంట గదే, దేని మీదొచ్చేవమ్మా?’ అన్నాడంట. ‘మా కారు మీదొచ్చేం నాయినా’ అందంట ఈవిడ. ఆయన తెల్లారగట్ల పోయేడు, కూతురి సేతి నీళ్ళు తాగే పోయేడు. మీ తాత ఆ కట్టుగుడ్డ సేత్తోనే పాడె మోసేడు. మామూలుగా పోయినోళ్ళ గురించి సెప్పీవోడు కాదు గానీ, ఆ ఒక్క మాట నాకెన్ని సార్లు సెప్పేడో. పోర్టు గేటు దగ్గర బీడీ ముట్టించుకుంటా, ‘మా కారు అంది బావా. నాను పక్కనే ఉన్నాను. మీ అల్లుడి కారు అన్లేదు. మా కారు అంది.’ ఆస్పత్రిలో, మరి లెగడని తెలిసిపోయేక కూడా, గెడ్డం గోక్కుంటా అదే...

ఊఁ.

ఎండ మంచమ్మీదకి ఒచ్చేసింది. ఆ కిటికీ రెక్క కాస్త ముయ్యి బాబూ.