పళ్ళకు తీగ కట్టించుకున్న గురువు

వెయ్యిన్ని తొమ్మిది వందల తొంభై రెండవ సంవత్సరం జూలై ఆరవ తేదీన, ముఖ, దవడ శస్త్రచికిత్సా నిపుణురాలిగా మా ఆసుపత్రి మెట్లెక్కిన మా విభాగాధిపతి, మేడమ్ గారు, ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్నారు. దంతవైద్యంలో ఐదేళ్ళు చదివి పట్టా పుచ్చుకుని, మళ్ళీ మూడేళ్ళ శస్త్రచికిత్సా శిక్షణకు బయలుదేరిన కూతురిని చూసి వారి మాతృమూర్తి, "పళ్ళు పీకడానికి ఇంత చదువేమిటే?" అన్నారట. "పీకడానికి కాదమ్మా, విరిగిన దవడ అతికించడానికి," అన్నారట వీరు. మత్తువైద్యం, అత్యవసర విభాగం, ఆపరేషన్ గది అంటూ ఆ మూడేళ్ళూ కాలికి బలపం కట్టుకుని తిరిగారు.

కొన్నేళ్ళకే ఆ శిక్షణను వారు ఇక్కడా ప్రారంభింపజేసి, ఒక నియమం పెట్టారు. విరిగిన దవడ కదలకుండా రోగి పైపళ్ళనూ కిందిపళ్ళనూ తీగతో కలిపి కట్టబోయే విద్యార్థి, ముందు ఒక పగలంతా తానూ కట్టించుకుని జావతో గడపాలి. వాంతి వస్తే తక్షణం తెంపేందుకు కత్తెర మెడలో వేలాడాలి. ఏటా కొత్తవారు చేరిన రోజున మొదట కట్టించుకునేది మేడమ్ గారే.

తొలి జట్టు ఆఖరి సంవత్సరంలో సరిగ్గా అలా మేడమ్ గారు పళ్ళు కట్టించుకుని ఉన్న ఉదయమే, పట్టా ఇచ్చే అర్హత మా విభాగానికి ఉందో లేదో తేల్చే తనిఖీ బృందం చెప్పిన తేదీకి ముందే దిగింది. అనుమతి రాకపోతే ఆ పిల్లల మూడేళ్ళ శ్రమ బూడిదలో పోసిన పన్నీరే! "తెంపేస్తాను మేడమ్," అంటూ ఒక విద్యార్థిని వారి మెడలోని కత్తెర అందుకుంది. మేడమ్ గారు ఆ చేయి పట్టి ఆపి, పళ్ళ సందుల్లోంచే, "చుట్టాలొచ్చారని పేషెంట్లు తెంపుకుంటారా? వాళ్ళడిగినవాటికి మీరే జవాబు చెప్పండి," అన్నారు.

మొదట తడబడినా, ఆ పిల్లలు ఎక్స్‌రేలు చూపారు, తాము దవడలు సరిచేసిన రోగులతో మాట్లాడించారు, అడిగిన ప్రతి ప్రశ్నకూ తడుముకోకుండా జవాబిచ్చారు. బృంద నాయకుడు లేస్తూ, "మీరు లేకపోయినా ఈ విభాగం నడుస్తుందా అని అడుగుదామనుకున్నాను మేడమ్. ఇక అక్కర్లేదు," అన్నారు. అనుమతి వచ్చింది, మా సంతోషానికి పట్టపగ్గాలు లేకపోయాయి. "పెళ్ళయ్యాక, నేను మొదలెట్టిన మాట నేనే పూర్తిచేసేది ఏటా ఆ తీగ కట్టుకున్న ఒక్కరోజే," అని వారి భర్తగారు ఇప్పటికీ మురిసిపోతుంటారు.

ఆనాడు కత్తెర అందుకున్న విద్యార్థినే వచ్చే నెల నుంచి మా కొత్త విభాగాధిపతి. వీడ్కోలు సభనాడే కొత్త జట్టు చేరుతోంది గనుక పళ్ళు కట్టించుకునే వస్తానని, ఉపన్యాసం తన వల్ల కాదని ఆమె తేల్చేశారు. సభకు కళ తగ్గుతుందని మేము గొణిగితే మేడమ్ గారు, "దాన్ని మాట్లాడమని బలవంతపెట్టకండి. కత్తెర మెడలో వేసుకుందో లేదో మాత్రం చూడండి," అన్నారు.

కత్తెర సంగతి మేము చూసుకుంటాం మేడమ్ గారూ. మీరు మాత్రం ఆయురారోగ్యాలతో, కడుపారా తింటూ, నోరారా నవ్వుతూ, ఇంట్లో అందరి మాటలూ మీరే పూర్తిచేస్తూ నిండు నూరేళ్ళు వర్ధిల్లాలి.