ఎద్దు అధ్యాయం

నవ్వకు గిడ్డయ్యా! పశువుల నొప్పిని గురించి డెబ్బై రెండో సంవత్సరం నుంచి ఏడేండ్లు కూర్చొని రాసిన సిద్ధాంత గ్రంథాన్ని విశ్వవిద్యాలయం వాళ్లు మొదట ఎవరికి పంపినారో తెలుసునా? పశువుల డాక్టరుకు! పేరులో 'పశువు' అని ఉందట, అందుకు. గాలికుంటు రోగం ప్రస్తావన లేదని ఆయన తిప్పి పంపినాడు! ఇది తత్త్వశాస్త్రమయ్యా, మందుల చీటీ కాదు అని ఎవరితో చెప్పుకొనేది?

ఇరవై రెండేండ్లుగా ఆదోని కాలేజీలో తర్కం పాఠం చెప్తాండాను. స్టాఫ్ రూములో నా పేరేమి? 'ఎద్దుల వేదాంతి భీమసేనరావు'. అన్నీ పడినాను.

ఆ వేదాంతం నేర్పినవాడివి నీవే కదా. ఎమ్మిగనూరు నుంచి పత్తి మూటలు తోలుకొని వచ్చిన దినం, నీ ఎడమటి ఎద్దు మెడ మీద కాడి పుండు. మిల్లు గుమాస్తా ఎంత అరిచినా బండి కట్టలేదు నీవు. 'అది నోరు తెరిచి అడగదు సామీ, మనమే తెలుసుకోవల్ల' అన్నావు. ఆ మాట మీదనే నాలుగో అధ్యాయం కట్టినాను. నీ పేరుతో సహా.

ఏమంటివి? ఆ పుట చూపించమంటావా? ఉండప్పా, తొందరేమి?

రెండోసారి నన్ను విశ్వవిద్యాలయానికి పిలిపించి ముగ్గురు తత్త్వశాస్త్ర పండితులు కూర్చొన్నారు. మా మాధ్వులు యజ్ఞంలో మేకకు బదులు పిండితో పశువును చేస్తారు కదా, ఆ అధ్యాయం దివ్యంగా ఉందన్నారు. ఎద్దు అధ్యాయం మాత్రం తీసివేయవలెనట. బండివాడి మాట ప్రమాణం కాదట! పిండి పశువు ఉండవచ్చును, పుండు పడిన పశువు ఉండరాదు! ప్రత్యక్షంగా కంటితో చూసినది ప్రమాణం కాకపోతే, ఇంకేది ప్రమాణమయ్యా?

ఈ మాట వాళ్లను అడిగినానా అంటావా?

...అడగలేదు.

నిన్న పట్టా వచ్చింది. ఇప్పుడు డాక్టర్ భీమసేనరావు. శాఖకు అధ్యక్షుణ్ణి కూడా నేనే. 'ఎద్దుల వేదాంతి' అన్న నోళ్లే దండ వేసినాయి.

అట్లా చూడకప్పా. పండితులు బలవంతం చేసినారని అందరికీ చెప్తాండాను. ఇంట్లో నా భార్య సరస్వతీబాయికీ అదే చెప్పినాను. ఆమె నమ్మింది కూడా.

బలవంతమూ లేదు, ఏమీ లేదు. మర్యాదగా ఒక్క మాట అన్నారు, అంతే. ఆ మధ్యాహ్నమే లాడ్జి గదిలో కూర్చొని, గడ్డం గీసుకొనే బ్లేడుతో కుట్టు కోసి, ఎద్దు అధ్యాయం పద్దెనిమిది పుటలూ నేనే ఊడదీసినాను.

రెండోసారి అడిగించుకోలేదు గిడ్డయ్యా.