ఒగోలా దవడ

కిసుములో, సరస్సు ఒడ్డున, పళ్ళ డాక్టరు ఆబుయా గది. బల్ల మీద పరిచిన గుడ్డలో ఒక కింది దవడ ఎముక. ఎదురుగా అకెయో.

“ముట్టుకోవచ్చా, డాక్టరు గారూ?”

“ఆగమ్మా, ముందు నన్ను చూడనీ. ఎక్కడ దొరికిందన్నారు పోలీసులు?”

“మా ఇంటి దిగువన, జమ్ములో. చాపలకని కోస్తుంటే కొడవలికి తగిలిందట. ఇన్నేళ్ళకి సరస్సే తెచ్చి పడేసిందంటున్నారు మావాళ్ళు. మా ఆయనదేనని ఒక్క మాట చెప్పండి, పట్టుకుపోతాను.”

“అంత తొందరేమిటి?”

“తొందరా! పన్నెండేళ్ళు! పడవ తిరగబడింది, శవం దొరకలేదు. అందరూ చేసేదేగా, శవానికి బదులు యాగో పండుకి ఆయన పేరు పెట్టి పాతిపెట్టాం. పండుతో సరిపెట్టామని కోపమేమో, పోయినేడాదంతా చీకటి పడితే గుమ్మం ముందుకొచ్చి పిలిచాడు. పండు తీసి ఆ గోతిలో ఎముక పెడితే శాంతిస్తాడన్నారు పెద్దలు. చెప్పండి, ఒగోలాదేనా?”

“నా చేతిపనే. ఎడమవైపు వెనక పంట్లో వెండి, కుడివైపు తెల్లది. రెండూ ఒకే రోజు నింపాను. రెండూ తెల్లవే కావాలని పేచీ పెట్టాడు మీ ఆయన. వెనక పన్ను ఎవడు చూస్తాడయ్యా అంటే…”

“నా పెళ్ళాం చూస్తుంది అనుంటాడు.”

“అన్నాడు! నేను నోరారా నవ్వే మనిషినండీ అని. వెండైతే పదిహేను, ఇరవై ఏళ్ళు మన్నుతుంది, తెల్లది అందులో సగమే, నమిలే చోట నిలవదన్నాను. అయితే చెరొకటి పెట్టండి, ఏది గెలుస్తుందో చూద్దాం అన్నాడు.”

“ఆ వారమేగా పోయాడు. ఏం గెలిచింది? ఏమిటండీ, భూతద్దం పెట్టుకుని మరీ చూస్తున్నారు? ఆయనదేనన్నారుగా, ఇచ్చెయ్యండి.”

“ఆ వారమేనా? సరిగ్గా గుర్తుందా?”

“దవడ ఇంకా సలుపుతోందని గొణుక్కుంటూనే వలేసుకుని వెళ్ళాడు. మరిచిపోతానా?”

“వెండిది చెక్కుచెదరలేదు. తెల్లది గుంటపడింది, అంచు విరిగింది.”

“నీళ్ళలో నానింది కదా.”

“నానితే రంగు పోతుంది. ఇలా గుంట పడదు.”

“ఇసక రాసుకుందేమో. చేపలు కొరికాయేమో. ఏదో ఒకటి లెండి!”

“ఇసకైతే పన్నంతా అరగాలి. ఇక్కడ పై పంటి అచ్చు పడింది, అకెయో. వెండిది కూడా నమిలి నమిలి నున్నబడింది.”

“అయితే?”

“కూర్చో.”

“కూర్చోను. అయితే ఏమిటి?”

“వారంలో ఇంత అరగదు. పదేళ్ళైనా పడుతుంది. మీరు పండుని పాతిపెట్టాక కూడా ఈ నోరు తింటూనే ఉంది.”

“చచ్చినవాడు తింటాడా?”

“తినడు.”

“మరి… మరి ఎక్కడున్నాడు ఇన్నాళ్ళూ?”

“అది పన్ను చెప్పదమ్మా. ఏ దీవిలో ఉన్నాడో, ఏ దేశం జైల్లో ఉన్నాడో. బతికే ఉన్నాడు. పోయింది ఈమధ్యనే. నాకు తెలిసేది అంతే.”

“డాక్టరు గారూ.”

“చెప్పమ్మా.”

“చచ్చినవాడు పిలిస్తే పలక్కూడదు కదా? పలికితే మనల్నీ తీసుకుపోతాడంటారు కదా?”

“అంటారు.”

“పోయిన వానల్లో ఆఖరిసారి వచ్చి గుమ్మంలో కూలబడి, ‘ఆకలేస్తోంది, అకెయో’ అన్నాడు. దయ్యానికి ఆకలేమిటని పిల్లల నోళ్ళు మూసి, తలుపు సందులోంచి వేడి బూడిద పోశాను.”